స్టెల్లారియంతో టెలిస్కోప్ కంట్రోల్: స్కోప్ కొనకముందే ల్యాప్‌టాప్‌లో నేర్చుకోవాల్సిన విషయాలు

ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద శని గ్రహాన్ని సెలెక్ట్ చేసి రెండు కీలు నొక్కితే, పక్కనున్న టెలిస్కోప్ మోటార్ల శబ్దంతో తిరిగి సరిగ్గా శని మీదకే వెళ్లి ఆగుతుంది. ఇలాంటి వీడియో ఒక్కటి చూస్తే చాలు, గోటూ టెలిస్కోప్ కార్ట్‌లో పడిపోతుంది. వీడియోలో చూపించేది నిజమే. కాకపోతే గోటూ మౌంట్ అంటే చిన్న ఖర్చు కాదు. దాన్ని కొనే ముందు ఒక్క రూపాయి పెట్టకుండా మన ల్యాప్‌టాప్‌లోనే ఈ మొత్తం ప్రాసెస్‌ని ప్రాక్టీస్ చేయొచ్చు. ఎలాగో చూద్దాం.

ఇందుకు మనం వాడబోయేది స్టెల్లారియం. ఇది ఫ్రీ, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫాబియెన్ షెరో అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్ట్ ఇరవై ఏళ్లకు పైగా నడిచాక 2022 అక్టోబర్‌లో గానీ 1.0 వర్షన్ రాలేదు! ఇన్‌స్టాల్ చేయగానే వచ్చే డేటాలోనే 6 లక్షలకు పైగా నక్షత్రాలు ఉంటాయి. ఫోన్‌లో ఉండే స్టెల్లారియం యాప్ వేరు, అందులో కొన్ని ఫీచర్లకు డబ్బు కట్టాలి. ఇక్కడ మాట్లాడేది డెస్క్‌టాప్ వర్షన్ గురించే.

ఫోన్‌ని ఆకాశం వైపు పెడితే నక్షత్రం పేరు చెప్పే యాప్స్ ఉండగా ఇదెందుకు అనొచ్చు. ఫోన్ యాప్ దిక్కుని మాగ్నెటోమీటర్ చూసి లెక్కేస్తుంది. బాల్కనీలో ఇనుప గ్రిల్ పక్కన నిలబడితే అది ఎటో చూపిస్తుంది. "అదిగో గురుగ్రహం" అని ఫ్రెండ్స్‌కి చూపించడానికి అది చాలు. రాత్రంతా ఏమేం చూడాలో ప్లాన్ చేసుకోవడానికి, స్కోప్‌ని నడపడానికి మాత్రం డెస్క్‌టాప్ కావాలి.

ముందు మీ ఊరు, మీ టైమ్

స్టెల్లారియం ఓపెన్ చేయగానే ఎఫ్6 నొక్కండి. లొకేషన్ విండో వస్తుంది. చాలా సిస్టమ్స్‌లో ఇది నెట్‌వర్క్ నుంచి లొకేషన్ తీసుకుంటుంది. మీరు హైదరాబాద్‌లో ఉన్నా, మీ ఇంటర్నెట్ ప్రొవైడర్ గేట్‌వే ముంబైలో ఉంటే ముంబై అని చూపించొచ్చు. రెండు ఊళ్లకీ రేఖాంశంలో ఐదున్నర డిగ్రీలకు పైగా తేడా ఉంది. అంటే స్క్రీన్ మీద ఆకాశం దాదాపు 11 పూర్ణచంద్రుల వెడల్పు పక్కకి జరిగినట్టు. అందుకే నెట్‌వర్క్ టిక్ తీసేసి, మీ ఊరిని సెర్చ్ చేసి, డీఫాల్ట్‌గా సెట్ చేయండి. హైదరాబాద్ అయితే సుమారు 17.4 ఉత్తరం, 78.5 తూర్పు. టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా ఉందో లేదో కూడా అక్కడే చూసుకోండి.

ఇక ఎఫ్3 సెర్చ్, ఎఫ్5 తేదీ, టైమ్. జే, కే, ఎల్ కీలతో కాలాన్ని వెనక్కీ ముందుకీ పరిగెత్తించొచ్చు, 8 నొక్కితే మళ్లీ ఇప్పటికి వచ్చేస్తుంది. సీ నొక్కితే రాశుల గీతలు, కంట్రోల్+ఎన్ నొక్కితే స్క్రీన్ ఎర్రగా మారే నైట్ మోడ్. చీకటికి అలవాటు పడిన కళ్లు తెల్ల స్క్రీన్ చూడగానే మళ్లీ మొదటికొస్తాయి, కాబట్టి స్కోప్ పక్కన ఉన్నప్పుడు నైట్ మోడ్ తప్పనిసరి.

ఎఫ్4లో స్కై ట్యాబ్‌కి వెళ్లి లైట్ పొల్యూషన్ సెట్టింగ్ కూడా మార్చండి. దీన్ని బోర్టెల్ స్కేల్‌లో కొలుస్తారు: 1 అంటే కారు చీకటి, 9 అంటే సిటీ నడిబొడ్డు. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల 8 పెట్టి చూడండి. స్క్రీన్ మీద నక్షత్రాలు ఒక్కసారిగా తగ్గిపోతాయి. బాధగా ఉంటుంది కానీ మీ మేడ మీద నుంచి కనిపించేది అదే.

కొనే ముందు ఈ ప్లగిన్ చూడండి

ఎఫ్2 నొక్కి ప్లగిన్స్ ట్యాబ్‌లో ఆక్యులర్స్ అనే దాన్ని ఎనేబుల్ చేసి, స్టెల్లారియంని రీస్టార్ట్ చేయండి. మీరు కొనాలనుకుంటున్న స్కోప్ ఫోకల్ లెంగ్త్, ఐపీస్ వివరాలు ఇందులో ఇవ్వాలి. ఉదాహరణకి 8 అంగుళాల డాబ్సోనియన్, ఫోకల్ లెంగ్త్ 1200 ఎంఎం అనుకుందాం. 25 ఎంఎం ఐపీస్ పెడితే 1200 బై 25, అంటే 48 రెట్లు. 10 ఎంఎం అయితే 120 రెట్లు. మామూలు ప్లోస్ల్ ఐపీస్‌కి కనిపించే కోణం 52 డిగ్రీలు అనుకుంటే, దాన్ని ఈ రెట్లతో భాగిస్తే అసలు ఆకాశంలో ఎంత ముక్క కనిపిస్తుందో వస్తుంది. 25 ఎంఎంతో 1.1 డిగ్రీలు, 10 ఎంఎంతో 0.43 డిగ్రీలు. చంద్రుడు అర డిగ్రీ ఉంటాడు కాబట్టి 10 ఎంఎంలో నిండు చంద్రుడు పూర్తిగా పట్టడు.

ఇప్పుడు గురుగ్రహాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్+ఓ నొక్కండి. గుండ్రటి వ్యూలో అది ఎంత చిన్నగా ఉంటుందో చూడండి. టెలిస్కోప్ బాక్స్ మీద ప్రింట్ చేసిన ఫొటోకీ దీనికీ పోలికే ఉండదు. నెబ్యులాల విషయంలో స్టెల్లారియం కూడా కొంచెం ఆశ పెడుతుంది, ఎందుకంటే అది చూపించే రంగుల బొమ్మలు లాంగ్ ఎక్స్‌పోజర్ ఫొటోలు. ఐపీస్‌లో కంటికి కనిపించేది బూడిద రంగు మబ్బు తునక. నా అభిప్రాయంలో ఈ రెండు విషయాలు తెలిసి కూడా స్కోప్ కావాలనిపిస్తేనే కొనాలి.

అసలు కనెక్షన్ లోపల ఏం జరుగుతుంది

ప్లగిన్స్‌లోనే టెలిస్కోప్ కంట్రోల్ అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి, రీస్టార్ట్ చేసి, కాన్ఫిగర్‌లో కొత్త టెలిస్కోప్‌ని యాడ్ చేయండి. ఆప్షన్స్‌లో సీరియల్ పోర్ట్ ద్వారా నేరుగా కంట్రోల్ చేయడం, విండోస్‌లో యాస్కామ్ డ్రైవర్, లినక్స్ వాళ్లు ఎక్కువగా వాడే ఇండీ సర్వర్ లాంటివి ఉంటాయి. వీటితో పాటు ఏ హార్డ్‌వేర్ లేకుండా సిమ్యులేట్ చేసే ఆప్షన్ కూడా ఉంది. మనకి ఇప్పుడు కావాల్సింది అదే. దాన్ని ఎంచుకుని కనెక్ట్ చేస్తే ఆకాశంలో ఒక గుండ్రటి గుర్తు వస్తుంది. ఏదైనా నక్షత్రాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్+1 నొక్కండి. ఆ గుర్తు మెల్లగా కదిలి నక్షత్రం మీదకి వెళ్తుంది. నిజం మౌంట్‌తోనూ నొక్కాల్సింది ఇవే కీలు.

ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక సరదా విషయం. ల్యాప్‌టాప్‌కీ మౌంట్‌కీ మధ్య వెళ్లేది రెండే రెండు నంబర్లు: రైట్ అసెన్షన్, డెక్లినేషన్. ఆకాశానికి రేఖాంశం, అక్షాంశం లాంటివి ఇవి. మీడ్ కంపెనీ ఎల్ఎక్స్200 స్కోప్‌ల కోసం తయారుచేసిన కమాండ్లు ఈనాటికీ చాలా మౌంట్లలో నడుస్తున్నాయి. సీరియల్ పోర్ట్‌లో కోలన్, జీ, ఆర్, హ్యాష్ అనే నాలుగు అక్షరాలు పంపితే మౌంట్ తన రైట్ అసెన్షన్ చెబుతుంది. స్పీడ్ 9600 బాడ్, అంతే. ఈఎస్‌పీ32 బోర్డుతో సొంతంగా మౌంట్ కట్టుకునేవాళ్లు వాడే ఆన్‌స్టెప్ ఫర్మ్‌వేర్ కూడా ఇదే భాష మాట్లాడుతుంది.

అంటే స్టెల్లారియం గానీ, మౌంట్ గానీ ఆకాశాన్ని చూడట్లేదు. మీరు "ఇదిగో ఈ నక్షత్రం" అని ఒకసారి చెప్పిన దగ్గర్నుంచి మోటార్లు ఎంత తిరిగాయో లెక్కపెట్టుకుంటూ పోతుంది మౌంట్. మధ్యలో ఎవరి కాలో తగిలి ట్రైపాడ్ జరిగినా, స్క్రీన్ మీద గుర్తు మాత్రం శని మీదే ఉంటుంది. దాన్ని నమ్మాలా వద్దా అన్నది ఐపీస్‌లో చూస్తేనే తెలుస్తుంది.

ఎక్కువమంది ఇరుక్కునే చోటు

మౌంట్‌కి దాని సొంత తేదీ, టైమ్, లొకేషన్ ఉంటాయి. హ్యాండ్ కంట్రోలర్‌లో ఇవి విడిగా ఇవ్వాలి. స్టెల్లారియంలో కరెక్ట్‌గా పెట్టాం కదా అని వదిలేయకూడదు.

మొదటిది తేదీ. చాలా కంట్రోలర్లు అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత అడుగుతాయి. మార్చి 7ని మనం అలవాటుగా 07/03 అని కొడితే అది జులై 3 అనుకుంటుంది. 118 రోజుల తేడా, అంటే ఆకాశం దాదాపు 116 డిగ్రీలు తిరిగిపోయినట్టే.

రెండోది టైమ్ జోన్. మనది యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందు. మన టైమ్‌కి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ జిల్లా మీదుగానే వెళ్తుంది. అయితే కొన్ని మౌంట్లలో టైమ్ జోన్‌ని పూర్తి గంటల్లోనే ఇవ్వగలం, అరగంట పట్టదు. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఆ అరగంట అంటే 7.5 డిగ్రీలు. దీనికి సింపుల్ పరిష్కారం ఉంది: టైమ్ జోన్ సున్నా పెట్టి, యూటీసీ టైమే ఇచ్చేయండి. అర్ధరాత్రి దాటాక ఉదయం 5:30 వరకు యూటీసీలో ఇంకా ముందు రోజు తేదీయే నడుస్తుంటుంది, అది మర్చిపోవద్దు.

రెండు నక్షత్రాలతో అలైన్‌మెంట్ చేస్తే చిన్న చిన్న తేడాలు సర్దుకుంటాయి. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. టైమ్ తప్పుగా ఉన్నప్పుడు, "రోహిణి మీద పెట్టాను చూడు" అని మౌంట్ ఎక్కడో ఖాళీ చోటికి తిప్పుతుంది. కొత్తవాళ్లు ఆ చుట్టుపక్కల కనిపించిన ఏదో ఒక నక్షత్రాన్ని మధ్యలోకి తెచ్చి ఓకే కొట్టేస్తారు. అక్కడ్నుంచి ఆ రాత్రి ఏది క్లిక్ చేసినా తప్పే. అందుకే అలైన్‌మెంట్‌కి ముందే స్టెల్లారియంలో ఆ నక్షత్రం ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉందో చూసి పెట్టుకోండి. రోహిణి, ఆర్ద్ర, స్వాతి, చిత్త లాంటి నాలుగైదు నక్షత్రాలని కంటితో గుర్తుపట్టడం వస్తే ఈ సమస్యే ఉండదు.

మూడోది కొంచెం లోతైనది. కాన్ఫిగర్ విండోలో జే2000 అనీ, జేనౌ అనీ రెండు కోఆర్డినేట్ సిస్టమ్స్ ఉంటాయి. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల కోఆర్డినేట్లు ఏటా కొంచెం మారతాయి. జే2000 అంటే 2000 సంవత్సరం నాటి లెక్క, జేనౌ అంటే ఇవాళ్టిది. ఆర్ద్రనే తీసుకోండి. 2000లో దాని రైట్ అసెన్షన్ 5 గంటల 55 నిమిషాల 10 సెకన్లు. 25 ఏళ్లలో అది 5 గంటల 56న్నర నిమిషాలకి వచ్చింది. ఆకాశంలో ఇది 20 ఆర్క్‌మినిట్ల తేడా. మౌంట్ ఒకటి అనుకుని, స్టెల్లారియం ఇంకొకటి పంపితే ఏమవుతుంది? మన 25 ఎంఎం ఐపీస్‌లో మధ్య నుంచి అంచుకి 32 ఆర్క్‌మినిట్లు ఉంటుంది కాబట్టి ఆర్ద్ర పక్కకి జరిగినా కనిపిస్తుంది. 10 ఎంఎంలో అది 13 మాత్రమే, కాబట్టి అసలు కనపడదు. "25లో వస్తోంది, 10 పెడితే పోతోంది" అనిపిస్తే ముందు ఈ సెట్టింగ్ చూడండి. మీ మౌంట్ ఏది వాడుతుందో మాన్యువల్‌లో ఉంటుంది.

కేబుల్, పోర్ట్

సీరియల్ కేబుల్‌ని హ్యాండ్ కంట్రోలర్ కింద ఉండే పోర్ట్‌లోనే పెట్టాలి, మౌంట్ మీద అలాగే కనిపించే వేరే సాకెట్లలో కాదు. వోల్టేజ్ తేడా వస్తే బోర్డు పోతుంది. కొత్త మోడల్స్‌లో నేరుగా యూఎస్‌బీ ఇస్తున్నారు, వాటితో ఈ గొడవ లేదు. యూఎస్‌బీ టు సీరియల్ అడాప్టర్ కొనాల్సి వస్తే ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది చూసుకోండి. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్ట్ నంబర్ ఎంతో చూసి అదే స్టెల్లారియంలో ఇవ్వాలి. లినక్స్‌లో పోర్ట్ కనిపిస్తున్నా కనెక్ట్ కాకపోతే, చాలా డిస్ట్రోల్లో మీ యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూప్‌లో చేర్చి లాగిన్ అయి వస్తే సరిపోతుంది.

పగటిపూట మోటార్లు టెస్ట్ చేస్తుంటే స్కోప్‌కీ, దాని మీదుండే చిన్న ఫైండర్‌కీ మూతలు తీయకండి. ఒక నక్షత్రం నుంచి ఇంకో దానికి వెళ్లే దారిలో సూర్యుడు అడ్డం వస్తే సాఫ్ట్‌వేర్ ఆపుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. ఆ క్షణంలో ఐపీస్ దగ్గర కన్ను ఉంటే చూపు పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు వైపు బిగించే సోలార్ ఫిల్టర్ ఉండాల్సిందే.

రాత్రి పని అయిపోయాక పవర్ పీకేసే ముందు హ్యాండ్ కంట్రోలర్‌లో పార్క్ లేదా హైబర్నేట్ ఆప్షన్ ఉంటే వాడండి. స్కోప్‌ని కదపకుండా అక్కడే ఉంచితే మర్నాడు అలైన్‌మెంట్ మళ్లీ చేయక్కర్లేదు. మేడ మీద నుంచి కిందకి దించితే మాత్రం మళ్లీ మొదటి నక్షత్రం నుంచే.