ఊడ్చినా పోని కలప ధూళి: ఉమ్మడి చెక్కపని షెడ్డులో ఏం చేయాలి?

కారు షెడ్డులోనో రేకుల గదిలోనో ఇద్దరు ముగ్గురు కలిసి చెక్కపని చేసేచోట రంపంపొట్టు తప్పదు. సాయంత్రం నేల ఊడ్చేస్తే శుభ్రమైనట్లే అనిపిస్తుంది. నిజానికి చీపురుకు అందే పొట్టు కంటే గాలిలో మిగిలిపోయే సన్నని ధూళితోనే ముప్పు ఎక్కువ.

చిత్రిక పట్టినప్పుడు చెక్క చుట్టలు చుట్టలుగా లేస్తుంది. అది వెంటనే నేల మీద పడుతుంది. ఉప్పు కాగితంతో, ముఖ్యంగా శాండింగ్ మిషన్‌తో రుద్దినప్పుడు సన్నని ధూళి పుడుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అందులో పెద్ద కణాలు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. 4 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల్లోని గాలి గదుల దాకా వెళ్లగలవు.

ముక్కులో ఆగినవీ హానిలేనివి కావు. ముక్కు కుహరం, సైనస్‌లలో క్యాన్సర్ కలిగిస్తుందన్న ఆధారాలతో కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మొదటి వర్గంలో చేర్చింది. టేకు, రోజ్‌వుడ్ ధూళి కొందరికి అలర్జీ తెస్తుంది.

ఈ ధూళి ఎంతసేపు గాలిలో ఉంటుంది? నీటి సాంద్రత గల 10 మైక్రాన్ల కణం, కదలని గాలిలో మీటరున్నర ఎత్తు నుంచి నేలకు దిగడానికి సుమారు 8 నిమిషాలు పడుతుంది. కణం పరిమాణం పదో వంతుకు తగ్గితే దిగే వేగం దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. అంటే 1 మైక్రాన్ కణానికి సుమారు 12 గంటలు! రుద్దిన వ్యక్తి మాస్కు తీసి వెళ్లిపోయాక, జిగురు పని కోసం వచ్చిన మరొకరు ఆ గాలినే పీలుస్తారు.

పరిమాణం కూడా గమనించాలి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు చేసిన పరిమితి ఘనపు మీటరు గాలికి 1 మిల్లీగ్రాము. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 90 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అందులో 90 మిల్లీగ్రాముల ధూళి తేలుతుంటే చాలు, ఆ పరిమితికి చేరినట్లే. అది గ్రాములో పదో వంతు కూడా కాదు.

అందుకే ధూళిని పుట్టినచోటే పట్టుకోవాలి. యంత్రానికి వ్యాక్యూమ్ గొట్టం తగిలించాలి. మధ్యలో సైక్లోన్ డబ్బా పెడితే, సుడి తిరిగే గాలిలోంచి బరువైన పొట్టు అంచుకు తగిలి కింద పడుతుంది. ఫిల్టరు త్వరగా మూసుకుపోదు. ఫిల్టరు సన్నని కణాలను ఆపలేనిదైతే, వ్యాక్యూమే వాటిని తిరిగి గదిలోకి చిమ్ముతుంది. హెపా ఫిల్టరు మేలు.

తర్వాత గాలి దారి చూడాలి. ఒకవైపు తలుపు తెరిచి, ఎదుటివైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, రుద్దే బల్లను ఫ్యాన్ దగ్గర ఉంచాలి. మిగతావారు గాలి వచ్చే వైపున పనిచేయాలి. పొడి చీపురు, బ్లోయర్ కిందపడిన ధూళిని మళ్లీ లేపుతాయి. వ్యాక్యూమ్, తడిగుడ్డ వాడాలి. మోటార్ల మీద పేరుకున్న పొట్టుకు నిప్పు అంటుకోవచ్చు, దాన్నీ తీసేయాలి.

ముఖానికి సరిగ్గా అతికే ఎన్95 మాస్కు చివరి రక్షణ మాత్రమే. రుద్దుడు పని జరిగేటప్పుడూ, ఆ తర్వాత గాలి మారేవరకూ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని ధరించాలి. రుద్దుడు పనిని రోజు చివరికి పెట్టుకుంటే, ఒకరి ధూళి మరొకరి ఊపిరిలోకి చేరే అవకాశం తగ్గుతుంది.