సోషియాలజీ పాఠం మన ఇంటి వరుసల్లోనే ఉంది



పదో తరగతి రిజల్ట్స్ రాగానే మన హాస్టల్లో వినిపించే ప్రశ్న ఒక్కటే: "ఏ గ్రూపు?" ఎం.పి.సి., బైపీసీ రానివాళ్లకే ఆర్ట్స్ అనే మాట ఇంకా పోలేదు. ఇక సోషియాలజీ అంటే "బట్టీ కొడితే పాస్" అంటారు. మొదట్లో నేనూ బట్టీయే కొట్టాను. నిర్వచనాలు నోటికి వచ్చాయి గానీ అవి ఎవరి గురించో అర్థం కాలేదు.

సి.బి.ఎస్.ఇ. బడుల్లో 11, 12 తరగతుల్లోనే ఈ సబ్జెక్టు ఉంది. మన జూనియర్ కాలేజీల్లో ఎక్కువగా నడిచేవి హెచ్.ఇ.సి., సి.ఇ.సి.లు కాబట్టి చాలామందికి ఇది డిగ్రీలోనే ఎదురవుతుంది. అందాకా ఆగాల్సిన పని లేదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

బంధుత్వం అనే పాఠాన్నే తీసుకోండి. అంతర్వివాహం, బహిర్వివాహం అనే మాటలు చూడగానే తలనొప్పి వస్తుంది. కానీ చిన్నబాపు కొడుకు తమ్ముడనీ, మేనత్త కొడుకు బావ అనీ మనకు ఏ సారు చెప్పాడు? బాపు అన్నదమ్ముల పిల్లలు, అవ్వ అక్కచెల్లెళ్ల పిల్లలు మనకు తోబుట్టువుల లెక్క. మేనత్త, మేనమామల పిల్లలు వరుసైనవాళ్లు. ఇంగ్లీషులో వీళ్లందరికీ కజిన్ అని ఒక్కటే మాట. పుస్తకంలో రెండు పేజీలు పట్టే ఈ తేడా మన ఇంట్లో ఐదేళ్ల పిల్లకు తెలుసు. ఒకే గోత్రంలో పెళ్లి చేయరాదంటే బహిర్వివాహం, కులం దాటి చేయరాదంటే అంతర్వివాహం. ఇంతే సంగతి.

ఈ పాఠానికి మన ఆదిలాబాద్‌లోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, గోండుల కష్టాలకు కారణమేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి పంపింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నాడు. ఆ ఊరు ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా గోండులు ఉంటారనీ, ఒకే సగలో పెళ్లి చేసుకోరనీ ఆయన రాశాడు. ఆయన పుస్తకం 1948లో వచ్చింది. రాయడంతో ఊరుకోలేదు, గోండు పిల్లలకు బడులు పెట్టించాడు. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. కరీంనగర్ నుంచి హైదరాబాద్ బస్సులో పోతుంటే వచ్చే శామీర్‌పేట కూడా అలాంటి ఊరే. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే ఆ ఊరి మీద రాసిన పుస్తకం 1955లో అచ్చయింది.

రెండు పుస్తకాలూ మన ఊళ్ల గురించే, రాసినవాళ్లు మాత్రం బయటివాళ్లు. వాళ్లను తప్పు పట్టడం లేదు. కానీ వాడలో పుట్టినవాడు తన సంగతి తానే రాస్తే ఎలా ఉంటుందో అంబేద్కర్ చూపించారు. 1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో కులాల మీద ఒక వ్యాసం చదివారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. గోత్రం బయట చేసుకోవాలన్న నియమం ముందే ఉంది, దాని మీద కులం లోపలే చేసుకోవాలన్న నియమం వచ్చి కూర్చుంది, అదే కులం పుట్టుక అని వివరించారు. మనం తలనొప్పి అనుకున్న ఆ రెండు మాటలతోనే కులం గుట్టు విప్పారన్నమాట!

ఇది చదివాక నేను మా ఇంటి వంశవృక్షం గీశాను. పద్ధతి సులువే. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు, పిల్లలకు కిందికి ఒక గీత. నాలుగు తరాలు వచ్చాయి. పెళ్లిళ్లు పదకొండు ఊళ్లకు పోయాయి గానీ ఒక్కటి కూడా కులం దాటలేదు. ఇంకో సంగతి, ముత్తాతల పేర్లు అందరికీ తెలుసు, ఒక ముత్తవ్వ పేరు మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. పుట్టిన ఊరి పేరుతో "పెద్దపల్లామె" అని పిలిచేవారట. ఆ సున్నా ఖాళీగానే ఉంది.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీరూ గీయండి. ముసలవ్వ ఉన్న ఇల్లయితే ముందు ఆమెనే అడగండి, మగవాళ్లకు సగం తెలియదు. పేరు, ఊరు, చేసిన పని, ఎంతవరకు చదివారో పక్కనే రాసుకోండి. తెచ్చినవన్నీ స్టడీ హాల్లో పక్కపక్కన పెట్టి చూద్దాం.