సేఫ్టీ రేజర్ గైడ్: బ్యాటరీ లేని ఈ గాడ్జెట్‌ను ఆదోని ఉప్పు నీళ్లలో ఆరు నెలలు వాడి నేర్చుకున్నవి

ట్రిమ్మర్ అయితే బ్యాటరీ ఎన్ని నిమిషాలు వస్తుంది, ఛార్జింగ్ టైప్-సీ యేనా అని చూస్తాం. ఈసారి మాత్రం ఛార్జింగ్ లేని, యాప్ లేని, అప్‌డేట్ రాని ఒక వస్తువు గురించి చెప్తాను. అదే డబుల్ ఎడ్జ్ సేఫ్టీ రేజర్. మన తాతల షేవింగ్ డబ్బాలో ఉండేదే.

నాకు దీని అవసరం ఎలా వచ్చిందంటే, వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో బెంగళూరు నుంచి ఆదోనికి వచ్చాక మెడ మీద ఎర్రగా గడ్డలు లేవడం మొదలైంది. మూడు బ్లేడ్ల కార్ట్‌రిడ్జ్ రేజర్ వాడేవాణ్ణి. ఫోమ్ మార్చాను, లోషన్ మార్చాను, తగ్గలేదు. వీడియో కాల్‌లో కెమెరా ఆఫ్ చేసుకునే దాకా వచ్చింది. చివరికి మా వీధి సెలూన్ పెద్దాయన మెడ చూసి ఒకటే మాట అన్నాడు. "ఏమప్పా, గడ్డం గీస్తాండావా, చెక్కుతాండావా?" అక్కడి నుంచి మొదలైంది నా చదువు.

అసలు గడ్డలు ఎందుకు వస్తాయి?

రెండు, మూడు బ్లేడ్ల రేజర్ల ఐడియా ఏంటంటే, ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, అది వెనక్కి పోయేలోపు తర్వాతి బ్లేడు ఇంకా కిందికి కోస్తుంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది. కానీ వెంట్రుక చర్మం మట్టం కంటే కిందికి తెగితే, అందులోనూ ఉంగరాల వెంట్రుకైతే, పెరిగేటప్పుడు బయటికి రాకుండా పక్కకి తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లులాగే చూస్తుంది. వాపు, ఎరుపు, చీము అందుకే. ఈ సమస్య ఉన్నవాళ్లకి చర్మ డాక్టర్లు ఒకటి లేదా రెండు బ్లేడ్ల రేజర్ వాడమని చెప్తుంటారు.

అయితే తప్పంతా బ్లేడ్ల సంఖ్యది కాదు. గట్టిగా నొక్కడం, ఎదురు వాలుగా గీయడం, నీళ్లు సరిగా లేకపోవడం కూడా కారణాలే. నా విషయంలో ఈ నాలుగూ ఉన్నాయి.

ఇది ఎలా పనిచేస్తుంది?

సేఫ్టీ రేజర్‌లో సాధారణంగా మూడు భాగాలు ఉంటాయి: పైన మూత, కింద పళ్లెం, పిడి. పిడి తిప్పి బిగిస్తే మధ్యలో ఉన్న పలచటి బ్లేడు, దాదాపు 0.1 మిల్లీమీటర్ మందం, విల్లులా వంగి గట్టిపడుతుంది. పళ్లెం అంచు చర్మాన్ని చదును చేస్తుంది, అంచుకి మూతకి మధ్య సన్నగా బ్లేడు బయటికి కనపడుతుంది. ఆ బయటికి వచ్చిన భాగం తక్కువైతే 'మైల్డ్' రేజర్, ఎక్కువైతే 'అగ్రెసివ్'. మొదటిసారి కొనేవాళ్లు మైల్డ్ తీసుకోండి.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం స్టాండర్డ్. ఏ కంపెనీ రేజర్‌లోనైనా ఏ కంపెనీ డబుల్ ఎడ్జ్ బ్లేడైనా పడుతుంది. టోపాజ్, లేజర్, సూపర్‌మాక్స్, సెవెన్ ఓ క్లాక్, ఏదైనా సరే. యూఎస్‌బీ-సీ కోసం మనం ఇన్నేళ్లు గొడవ చేశాం కదా, బ్లేడ్ల లోకంలో అది ఎప్పుడో అయిపోయింది. కార్ట్‌రిడ్జ్ మాత్రం ఒక్క ఫోన్‌కే పనికొచ్చే పాత ఛార్జర్ లాంటిది.

చిన్న చరిత్ర

బ్లేడు మార్చుకునే ఈ రేజర్‌కి అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ 1901లో పేటెంట్‌కి అప్లై చేస్తే 1904లో వచ్చింది. అంత పలచటి ఉక్కు రేకుని పదును పెట్టే మెషిన్ల పని విలియం నికర్సన్ అనే ఇంజనీర్ చూశాడు. 1903లో మొదటి ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకి ఇవ్వడంతో ఇంటింటికీ చేరింది. 1971లో రెండు బ్లేడ్ల కార్ట్‌రిడ్జ్, 1998లో మూడు, 2006లో ఐదు వచ్చాయి.

మనకి ముఖ్యమైన కథ మాత్రం 2002ది. జిలెట్ మన దేశం కోసం వెక్టర్ అనే రేజర్ తెచ్చింది. లాంచ్‌కి ముందు టెస్టింగ్ చేసింది ఎవరి మీదో తెలుసా? అమెరికాలో ఎంఐటీలో చదివే మన దేశపు విద్యార్థుల మీద. వాళ్లకి బాగానే పనిచేసింది. ఎందుకంటే అక్కడ కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వస్తాయి. ఇక్కడ చాలామంది చిన్న మగ్గు నీళ్లతో, పెరట్లో కూర్చుని గీసుకుంటారు. పొడుగు వెంట్రుకలు బ్లేడ్ల మధ్య ఇరుక్కుని బయటికి రాలేదు. మన భాషలో చెప్పాలంటే స్టేజింగ్‌లో పాస్, ప్రొడక్షన్‌లో ఫెయిల్! ఆ తర్వాత జనాల ఇళ్లకే వెళ్లి చూసి, 2010లో ఒకే బ్లేడున్న గార్డ్ రేజర్‌ని 15 రూపాయలకి, దాని కార్ట్‌రిడ్జ్‌ని 5 రూపాయలకి తెచ్చారు.

ఈ కథ చదివాక నాకు అర్థమైంది. రేజర్ రివ్యూ అంటే రేజర్ ఒక్కదాని రివ్యూ కాదు, మీ ఇంటి నీళ్ల రివ్యూ కూడా.

అసలు విలన్: నీళ్లు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు చాలా ఇళ్లలో రెండు రకాల నీళ్లు ఉంటాయి. తుంగభద్ర దిగువ కాలువ నుంచి వచ్చే మంచి నీళ్లు, వాడుకకి బోరు ఉప్పు నీళ్లు. స్కూల్లో కఠిన జలం, మృదు జలం అని చదువుకున్నాం కదా, అదే ఇక్కడ పనికొచ్చింది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే నురగ రాదు, కరగని తెల్లటి తెట్టు వస్తుంది. బకెట్ అంచుకి పట్టే జిడ్డు అదే. దానితో గడ్డం గీస్తే బ్లేడు జారదు, చర్మాన్ని పట్టి లాగుతుంది.

మీ నీళ్లని ఇంట్లోనే టెస్ట్ చేయండి. రెండు ఖాళీ వాటర్ బాటిళ్లలో సగం దాకా రెండు రకాల నీళ్లు పోసి, ఒకే సైజు సబ్బు ముక్క వేసి, పదిసార్లు ఊపండి. ఒకదానిలో నురగ నిలబడుతుంది. రెండోదానిలో నీళ్లు పాలలా మారి, పైన తెట్టు తేలుతుంది. మా ఇంట్లో తేడా ఎంత క్లియర్‌గా వచ్చిందంటే, మా జేజి చూసి "ఇది తెలుసుకోడానికి ఇంజనీరింగ్ సదవాల్నా?" అంది.

పరిష్కారం సింపుల్. స్నానానికి బోరు నీళ్లే వాడండి. నురగకి, ముఖం తడపడానికి మాత్రం ఒక గ్లాసు కాలువ నీళ్లు లేదా క్యాన్ నీళ్లు చాలు. అవీ లేకపోతే బోరు నీళ్లు కాచి, చల్లార్చి, పైన తేటని తీసుకోండి. కాస్తే కొంత కాఠిన్యం గిన్నెకి తెల్లగా పట్టుకుని పోతుంది, మొత్తం మాత్రం పోదు. రేజర్ జాడించడానికి ఏ నీళ్లయినా పర్లేదు. డబుల్ ఎడ్జ్‌లో ఒకటే బ్లేడు కాబట్టి మగ్గులో రెండుసార్లు ఆడిస్తే వెంట్రుకలు పోతాయి, ధార అక్కర్లేదు. నీళ్లు చూసి వాడుకునే మన ఇళ్లకి ఇదే పెద్ద ప్లస్.

స్టెప్ బై స్టెప్

1. వాలు చూసుకోండి. రెండు రోజులు గడ్డం పెంచి, వేలితో అన్ని వైపులా రుద్దండి. నున్నగా తగిలేది వాలు, గరుకుగా తగిలేది ఎదురు. చాలామందికి బుగ్గ మీద కిందికి ఉంటుంది, మెడ మీద మాత్రం పక్కకో పైకో తిరిగి ఉంటుంది. నా పొరపాటంతా మెడ దగ్గరే జరిగింది.

2. నానబెట్టండి. స్నానం అయ్యాక గీసుకోవడం బెస్ట్. లేదంటే వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు రెండు నిమిషాలు ముఖం మీద పెట్టుకోండి. మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘంతో ఎమ్మిగనూరుకి పేరొచ్చింది, కాబట్టి మనకి మంచి నూలు తువ్వాలుకి కొదవ లేదు. నూలు నీటిని బాగా పీల్చుకుంటుంది.

3. నురగ చేయండి. బ్రష్‌ని తడిపి, విదిలించి, బఠాణీ గింజంత క్రీమ్ తీసుకుని ముఖం మీదే గుండ్రంగా తిప్పండి. మధ్యమధ్యలో రెండు చుక్కల మంచి నీళ్లు కలపండి. పెరుగు మీగడలా చిక్కగా, మెరుస్తూ ఉండాలి. పెద్ద బుడగలు వస్తే నీళ్లు ఎక్కువైనట్టు.

4. కోణం పట్టండి. రేజర్ మూతని బుగ్గకి ఆనించండి, పిడి నేలకి సమాంతరంగా ఉంటుంది. ఇప్పుడు పిడిని మెల్లగా కిందికి దించండి. బ్లేడు చర్మాన్ని తాకిన చోట ఆగండి. సుమారు 30 డిగ్రీలు. వెంట్రుకలు తెగే చిన్న చప్పుడు వినిపిస్తే కోణం కరెక్ట్.

5. నొక్కకండి. ఇదే అసలు పాఠం. రేజర్ బరువే ఒత్తిడి. పిడి చివర రెండు వేళ్లతో పట్టుకుంటే నొక్కడం దానంతట అదే తగ్గుతుంది. అంగుళం, రెండంగుళాల చిన్న గీతలు చాలు.

6. మొదటి నెల వాలు వెంట మాత్రమే గీయండి. రెండోసారి కావాలంటే మళ్లీ నురగ పెట్టి, అడ్డంగా గీయండి. గడ్డలు ఉన్నవాళ్లు ఎదురు జోలికి పోవద్దు.

7. చల్లటి నీళ్లతో కడుక్కుని, తడి పటిక ఒకసారి రుద్ది, నిమిషం ఆగి కడిగేయండి. పటిక భగ్గుమన్న చోట మీరు ఎక్కువ నొక్కినట్టు. దానికంటే ఖచ్చితమైన ఎర్రర్ లాగ్ నేను చూడలేదు.

మరి మంగలికత్తి?

సెలూన్ పెద్దాయన దగ్గర వాళ్ల నాయన వాడిన అసలు కత్తి ఉంది. మడిచే పిడి, లావుపాటి వీపు, సన్నటి అంచు. దాన్ని సానరాయి మీద నూరాలి. గీసే ముందు ప్రతిసారీ తోలు పట్టీ మీద రాయాలి. రాసేటప్పుడు వీపు ముందు, అంచు వెనక నడవాలి. తిరగేస్తే తోలు తెగుతుంది. తోలు కొత్త పదును పెట్టదు, వంగిన అంచుని సరిచేస్తుంది అంతే.

ఇప్పుడు సెలూన్లలో కనిపించేది అది కాదు, బ్లేడు మార్చే ఉస్తరా. మనం వాడే డబుల్ ఎడ్జ్ బ్లేడునే కాగితంతో సహా మధ్యకి విరిచి, సగం ముక్క అందులో పెడతారు. దీనికి బలమైన కారణం ఉంది. ఒకరి రక్తం అంటిన బ్లేడు ఇంకొకరికి తగిలితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ లాంటివి సోకే ప్రమాదం ఉంటుంది. తిరుమల కల్యాణకట్టలో కూడా టోకెన్‌తో పాటు బ్లేడు ఇచ్చేది అందుకే. మీరు ఏ సెలూన్‌కి వెళ్లినా "అన్నా, కొత్త బ్లేడు వేయన్నా" అని అడగండి. మంచి పనివాడు దానికి ఏమీ అనుకోడు. మా పెద్దాయనైతే అడక్కముందే కాగితం చించి చూపిస్తాడు.

నేను ఉస్తరా పట్టుకుని చూశాను. మొదటి గీతకే చెవి పక్క తెగింది. సేఫ్టీ రేజర్‌లో పళ్లెం అంచు చేసే పనంతా ఇక్కడ చెయ్యే చేయాలి: ఒక చేత్తో చర్మం సాగదీయడం, ఇంకో చేత్తో కోణం నిలపడం. రోజుకి పాతిక మందికి నెత్తురు చుక్క రాకుండా గీసే పనిని మనం చాలా తక్కువ చేసి మాట్లాడతాం. ఒక్కసారి పట్టుకుని చూస్తే ఆ మాట మళ్లీ రాదు.

ఖర్చు లెక్క

నాకు పడిన రేట్లతో చెప్తున్నాను, మీ దగ్గర కొంచెం అటూఇటూ ఉండొచ్చు. వారానికి మూడుసార్లు అంటే ఏడాదికి 156 షేవింగ్‌లు.

• పాత పద్ధతి: కార్ట్‌రిడ్జ్ 150 రూపాయలు, పది షేవింగ్‌లు. ఏడాదికి 16, అంటే 2,400 రూపాయలు.
• ఇప్పుడు: బ్లేడు 3 రూపాయలు, ఐదు షేవింగ్‌లు. ఏడాదికి 32, అంటే 96 రూపాయలు.
• రేజర్ 600, బ్రష్ 200. ఈ 800 సుమారు నాలుగు నెలల్లో తిరిగి వచ్చేసింది.

ఇప్పటికే ఒకే బ్లేడున్న చవక రేజర్ వాడుతూ, చర్మం బాగుంటే, డబ్బు కోసం మారాల్సిన పని లేదు.

వాడిన బ్లేడు ఎక్కడ వేస్తున్నారు?

ఇది ఎవరూ చెప్పని పాయింట్. చెత్త బుట్టలో వేస్తే, పొద్దున్నే చెత్త వేరు చేసే అమ్మ చేతికి అది గుచ్చుకుంటుంది. మూత గట్టిగా ఉన్న ఒక డబ్బాకి సన్నటి గాటు పెట్టి, వాడిన బ్లేడ్లు అందులో వేయండి. ఏళ్ల తర్వాత నిండుతుంది. టేప్ చుట్టి, లోపల బ్లేడ్లు ఉన్నాయని చెప్పి చేతికి ఇవ్వండి. ఇంకోటి, విమానంలో బ్లేడ్లు క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టుకోనివ్వరు, చెక్-ఇన్ లగేజ్‌లోనే పెట్టాలి.

ఫైనల్ వెర్డిక్ట్

ప్లస్: బ్లేడు చవక, ఏ కంపెనీదైనా సరిపోతుంది, తక్కువ నీళ్లతో పని అవుతుంది, రేజర్ ఏళ్ల తరబడి ఉంటుంది.
మైనస్: నేర్చుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, పది నిమిషాల టైమ్ కావాలి, తొందరలో ఉంటే తెగుతుంది.

చేతులు వణికేవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు దీని జోలికి పోకుండా ఎలక్ట్రిక్ ట్రిమ్మర్ వాడటం మేలు. గడ్డల్లో చీము పట్టినా, నొప్పి ఎక్కువైనా ముందు చర్మ డాక్టర్‌ని కలవండి, రేజర్ సంగతి తర్వాత.

నాకు ఆరు వారాలకి మెడ ఎరుపు తగ్గింది. ఆరు నెలలకి మచ్చలు కూడా పలచబడ్డాయి. పోయిన వారం సెలూన్‌కి కటింగ్‌కి వెళ్తే పెద్దాయన గడ్డం పట్టుకుని అటూఇటూ తిప్పి చూశాడు. "ఇప్పుడు గీస్తాండావప్పా" అన్నాడు. కాల్స్‌లో కెమెరా కూడా ఆన్‌లోనే ఉంటోంది.