జాకెట్టు కొలతల్లో దొరికిన వంపు

నాకు స్కోలియోసిస్ ఉందని మొదట కనిపెట్టింది డాక్టర్ కాదు, మైపాడులో మా వీధి చివర బట్టలు కుట్టే టైలరక్క. ఎనిమిదో తరగతిలో లంగా ఓణీ ఫంక్షన్‌కి జాకెట్టు కొలతలు తీసుకుంటూ, "ఏమ్మే, నీ ఎడమ భుజం కిందికి ఉంది. కుడి పక్క రెక్క ఎముక పైకొచ్చింది. ఎట్టా కుట్టినా ఒక పక్క లూజు వస్తా ఉంది" అనింది. రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. బ్యాగు ఒకే భుజానికి తగిలించుకుంటే అట్టనే అవుద్దని అమ్మ నన్ను తిట్టి ఊరుకుంది. నొప్పి లేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. పదో తరగతిలో నెల్లూరులో ఎక్స్‌రే తీస్తే వంపు 34 డిగ్రీలు. అప్పటికి నా ఎత్తు పెరగడం దాదాపు ఆగిపోయింది.

ఆ ఏడాదిన్నర ఎందుకంత ముఖ్యమో నాకు తర్వాత అర్థమైంది. ఇప్పుడు మా చెల్లికి పన్నెండేళ్ళు. సంక్రాంతి సెలవుల్లో దానికి కూడా ఎక్స్‌రే తీయించాం. 19 డిగ్రీలు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నా. మీలో చాలామందికి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటారు గదా.

ముందు అసలు ఇదేంటో చూద్దాం. వెన్నెముకని వెనక నుంచి చూస్తే నిటారుగా ఉండాలి. స్కోలియోసిస్‌లో అది పక్కకి వంగుతుంది, వంగుతూనే మెలి కూడా తిరుగుతుంది. వంకర కర్రలాగా కాదు, మెలికల మెట్లలాగా ఊహించుకోండి. పూసలు తిరిగితే వాటికి అతుక్కున్న పక్కటెముకలు కూడా తిరుగుతాయి, అందుకే వీపు ఒక వైపు ఎత్తుగా కనిపిస్తుంది. టైలరక్క చూసింది అదే. ఎక్స్‌రేలో వంపుకి పైన, కింద ఎక్కువగా వాలిన రెండు పూసల్ని తీసుకుని, వాటి మధ్య కోణం కొలుస్తారు. 1948లో జాన్ కాబ్ అనే అమెరికన్ సర్జన్ చెప్పిన పద్ధతి ఇది, కాబ్ కోణం అంటారు. 10 డిగ్రీలు, ఆపైన ఉంటేనే స్కోలియోసిస్. టీనేజ్ పిల్లల్లో 100 మందికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. బాగా పెరిగే వంపులు అమ్మాయిల్లోనే ఎక్కువ.

కారణం? ఎక్కువ మందిలో కారణం తెలియదు. డాక్టర్లు దానికి 'ఇడియోపతిక్' అని పెద్ద పేరు పెట్టారు, అర్థం మాత్రం అదే. కుటుంబాల్లో వస్తుంది, మా ఇంట్లో వచ్చినట్టు. బ్యాగు వల్ల రాదు, వంకరగా కూర్చోవడం వల్ల రాదు, మన ల్యాబ్ కుర్చీల వల్ల కూడా రాదు. (ఆ కుర్చీల మీద నాకు వేరే ఫిర్యాదులున్నాయి.) ఈ మాట అమ్మకి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

మా జేజి మాత్రం నీళ్ళ వల్లేనని గట్టిగా నమ్మింది. ఆమె పుట్టిల్లు కనిగిరి వైపు. నేను మొదట నవ్వాను గానీ చదివితే ఆ భయం ఊరికే పుట్టింది కాదని తెలిసింది. ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో మొదటి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అదీ అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు రాశారు. కనిగిరి, పొదిలి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. ఫ్లోరైడ్ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే వెన్ను చుట్టూ ఉండే లిగమెంట్లు గట్టిపడి, నడుము కర్రలా బిగుసుకుపోతుంది. జేజి చిన్నప్పుడు అట్టాంటి వాళ్ళని చూసింది. కానీ మాది ఆ జబ్బు కాదు. నేను వంగి నేల ముట్టుకోగలను, మా చెల్లి అయితే పిల్లిమొగ్గలు వేస్తుంది.

ఇప్పుడు ఎదుగుదల సంగతి. వెన్ను ఒక పక్కకి వంగినప్పుడు లోపలి వైపు పూసల మీద ఒత్తిడి ఎక్కువ. ఒత్తిడి పడిన వైపు ఎముక నెమ్మదిగా పెరుగుతుంది, రెండో వైపు మామూలుగా పెరుగుతుంది. దాంతో పూస ఒక పక్క పలచగా, చెక్క మేకులాగా తయారవుతుంది. దానివల్ల వంపు పెరుగుతుంది, వంపు పెరిగితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఆగే కండిషన్ లేని లూప్. పిల్ల పొడుగు పెరగడం ఆగినప్పుడే ఇది చాలావరకు నెమ్మదిస్తుంది. అందుకే పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య ప్రతి ఆరు నెలలూ లెక్కే. పెరుగుదల ఆగేసరికి 30 లోపు ఉన్న వంపు తర్వాత సాధారణంగా పెరగదు. 50 దాటితే పెద్దయ్యాక కూడా ఏడాదికి దాదాపు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోవచ్చు. నాది మధ్యలో ఇరుక్కుంది.

మరి వ్యాయామం ఏం చేస్తుంది? దీనికి ప్రత్యేకమైన పద్ధతి మొదలుపెట్టింది కాథరీనా ష్రోత్ అనే జర్మన్ ఆవిడ. 1894లో డ్రెస్డెన్‌లో పుట్టింది, ఆమెకే స్కోలియోసిస్ ఉంది. సొట్టపడిన రబ్బరు బంతిలోకి గాలి నిండితే సొట్ట తేరుకోవడం చూసి, తన వీపులో లోపలికి పోయిన వైపుకి ఊపిరి పంపితే ఏమవుతుందని అద్దం ముందు నిలబడి తన మీదే ప్రయోగం చేసుకుంది. 1921లో మైసెన్‌లో చిన్న క్లినిక్ పెట్టింది. ఇంజినీర్లం మనం ఇట్టాంటి వాళ్ళని గౌరవించాలి, సమస్య ఆమెదే, టెస్టింగూ ఆమే.

నెల్లూరులో నాకు నేర్పిన ఫిజియోథెరపిస్టు ఈ పద్ధతి నుంచే కొన్ని చెప్పారు. మైపాడు నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు, మొదటి రెండు నెలలు వారానికి రెండుసార్లు బస్సులో వెళ్ళేదాన్ని. వెల్లకిలా పడుకుని, వీపు ఎత్తుగా ఉన్న కుడి పక్క కింద చిన్న బియ్యం సంచి పెట్టుకోవాలి. తల పైకి, కాళ్ళు కిందికి ఎవరో లాగుతున్నట్టు ఒళ్ళు సాగదీయాలి. తర్వాత ఎడమ వీపులోకి, లోపలికి పోయిన చోటికి, నెమ్మదిగా గాలి నింపాలి. వదిలేటప్పుడు ఆ ఆకారం చెదరకుండా కండరాలు బిగించి పట్టుకోవాలి. వినడానికి ఏముంది అనిపిస్తుంది. పది నిమిషాలకి చెమట పడుతుంది. సంచి జేజి కుట్టిచ్చింది, మొలగొలుకులు పోసి. మంచి బియ్యం దండగ చేస్తున్నారని నాన్న గొణిగాడు.

ఒక జాగ్రత్త. నేను చెప్పింది నా వంపుకి సరిపోయే లెక్క. మీ వంపు ఎడమకి ఉండొచ్చు, నడుము దగ్గర ఉండొచ్చు, రెండు వంపులు ఉండొచ్చు. వీడియో చూసి నన్ను కాపీ కొట్టొద్దు. ఆన్‌లైన్‌లో వీపుకి కట్టుకునే బెల్టు కూడా కొన్నాను, భుజాలు వెనక్కి లాగడం తప్ప అది ఏమీ చేయలేదు.

ఆరు నెలల తర్వాత ఎక్స్‌రేలో 31 వచ్చింది. నాన్న కాలనీ అంతా చెప్పాడు, మూడు డిగ్రీలు తగ్గిందని. ఆ మాట నమ్మాలని నాకూ ఉండింది. కానీ కాబ్ కోణం కొలవడంలోనే 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు. ఒకే ఎక్స్‌రేని ఇద్దరు కొలిచినా అంకె మారుతుంది. కాబట్టి 34, 31 రెండూ ఒకటే. నాకు వ్యాయామం ఇచ్చింది వేరే. లాంగ్ ల్యాబ్ తర్వాత వీపు అలసట తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం తగ్గింది, నా భుజాలు ఎక్కడున్నాయో అద్దం లేకుండా తెలుస్తోంది. ఉసేన్ బోల్ట్‌కి కూడా స్కోలియోసిస్ ఉంది, నడుము, పొట్ట కండరాలు గట్టిగా ఉంచుకుంటే ఇబ్బంది లేదని ఆయనే చెప్పాడు. నేను పరుగు పోటీకి పోను గానీ ఆ మాట నాకు నచ్చింది.

పెరిగే పిల్లల్లో వంపుని ఆపడానికి గట్టి ఆధారం ఉన్నది బ్రేస్‌కే. 25 నుంచి 40 డిగ్రీల మధ్య, ఇంకా ఎదుగుతున్న పిల్లలకి వేస్తారు. 2013లో వచ్చిన అమెరికా, కెనడాల అధ్యయనంలో బ్రేస్ వేసుకున్న వాళ్ళలో 72 శాతం మందికి వంపు 50కి చేరకుండా ఎదుగుదల పూర్తయింది. ఊరికే గమనిస్తూ ఉన్నవాళ్ళలో అది 48 శాతం. రోజుకి 13 గంటలకి పైగా వేసుకున్న వాళ్ళలో పదికి తొమ్మిది మంది గట్టెక్కారు. నాకు పదమూడేళ్ళప్పుడు ఎవరైనా చూసి ఉంటే బ్రేస్ గురించి అడిగే వీలుండేది. ఈ వాక్యం నాలుగుసార్లు రాసి కొట్టేశాను, చివరికి ఉంచేశాను.

ఇంట్లో చూడటానికి ఖర్చేమీ లేదు. పిల్లని చొక్కా తీసి, పాదాలు దగ్గరగా, మోకాళ్ళు వంచకుండా నిలబడమనండి. రెండు అరచేతులు కలిపి ముందుకి వంగమనండి. వెనక నుంచి మీ కళ్ళు వీపు ఎత్తుకి తెచ్చి చూడండి, ఒక పక్క ఎత్తుగా ఉందా అని. 1865 నుంచి ఉన్న ఆడమ్స్ పరీక్ష ఇది. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి, ఫోన్ అంచు కింద రెండు బొటనవేళ్ళు ఉంచి, వెన్ను ఆ సందులోకి వచ్చేలా వీపు మీద అడ్డంగా ఆనిస్తే వాలు తెలుస్తుంది. 7 డిగ్రీలు వస్తే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. 5, 6 అయితే కొన్ని నెలలకి మళ్ళీ చూడండి. ఈ అంకె వేరు, కాబ్ కోణం వేరు, రెండూ కలపొద్దు.

మా చెల్లికి వ్యాయామం మొదలైంది. నా బియ్యం సంచి దానికి పెద్దదైందని జేజి ఇంకోటి కుట్టింది. పోయిన ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు ఫోన్ పెట్టి చూశాను, 6. పోయిన నెలా 6. జాకెట్టు సర్దుకుంటూ, "అక్కా, బెల్టు వేస్తారా? రోహిణి కార్తెలో ఆ ప్లాస్టిక్ ఎట్టా వేసుకునేది?" అని అడిగింది. మెత్తటి బనీను లోపల వేసుకుంటారంట, స్నానానికి, ఆటలకి తీసేయొచ్చంట అని చెప్పాను. వేస్తారా లేదా అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. జూన్‌లో ఎక్స్‌రే ఉంది. సెమ్ పరీక్షల మధ్యలో పడింది గానీ ఆ రోజు నేనే తీసుకెళ్తానని నాన్నకి చెప్పా.