పాత గుర్తుమాట: పాస్‌వర్డు మార్చిన పిమ్మట వచ్చు చిక్కులు

న్యాయాధిపతుల గ్రంథములోని 12వ అధ్యాయమును చదివిన విద్యార్థులకు యొర్దాను రేవుల వృత్తాంతము తెలిసియే యుండును. గిలాదువారు రేవులను పట్టుకొని, దాటవచ్చిన ప్రతివానిని షిబ్బోలెతు అను మాటను పలుకుమనిరి. దానిని సరిగా పలుకలేక సిబ్బోలెతు అనినవారు పట్టుబడిరి. కాపలావాడు మనుష్యుని ముఖమును గాని మనస్సును గాని చూడలేదు. మాటను మాత్రమే వినెను.

కంప్యూటరు పాస్‌వర్డు కూడ ఇట్టి గుర్తుమాటయే. 1960ల ఆరంభమున అమెరికాలోని ఎం.ఐ.టి. అను విద్యాసంస్థలో పెక్కుమంది ఒకే కంప్యూటరును పంచుకొని వాడవలసివచ్చినప్పుడు, ఒకరి పత్రములు మరియొకరి చేత పడకుండుటకై ఫెర్నాండో కోర్బాటో అను పండితుడును ఆయన సహచరులును పాస్‌వర్డులను ఏర్పరచిరి. నేడు నాగర్‌కర్నూలులోని చిన్న కార్యాలయమునకు సైతము అవి లేనిదే పని సాగదు. కావున వానివలన కలుగు ఒక సామాన్యమైన చిక్కును గూర్చి ఈ పాఠములో చెప్పదలచితిమి.

చిక్కునకు మూలము

ఒకే ఖాతా పాస్‌వర్డును మనము ఎన్నో చోట్ల భద్రపరచియుందుము. బల్లమీది కంప్యూటరు, చేతిలోని ఫోను, ఫోనులోని ఈమెయిలు, వైఫై, బ్రౌజరు, స్కాను చేసిన కాగితములను కంప్యూటరునకు పంపు జిరాక్సు యంత్రము, ఇవన్నియు ఆ మాటను జ్ఞాపకముంచుకొని మనలను అడుగకయే పలుకుచుండును. మనము ఒకచోట పాస్‌వర్డును మార్చినయెడల కాపలావానికి క్రొత్త మాట తెలియును. తక్కిన సేవకులకు తెలియదు. వారు పాత మాటనే పట్టుకొని తలుపు తట్టుచుందురు. కార్యాలయపు నియమమునుబట్టి ఐదు మారులో పది మారులో తప్పు మాట వినబడగానే, ఎవడో దొంగ వచ్చెనని తలంచి కాపలావాడు తలుపును మూసివేయును. అప్పుడు సరియైన మాట తెలిసిన యజమానుడు సైతము వెలుపలనే నిలువవలసివచ్చును.

మేము చేసిన తప్పు

మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో ఇట్లే జరిగెను. పదవ తరగతి పరీక్షకు వెళ్లు విద్యార్థుల పట్టికలను పంపుటకు గడువు సమీపించియుండగా, కార్యాలయపు ఖాతా పాస్‌వర్డును మార్చితిమి. మరునాటి ఉదయమునకు ఖాతా మూతపడెను. తెరిపించితిమి, మధ్యాహ్నమునకు మరల మూతపడెను. ఎవరో పాస్‌వర్డును ఊహించి ప్రయత్నించుచున్నారని మేము నిశ్చయించుకొంటిమి. కార్యాలయములో సాయము చేయుచుండిన పదవ తరగతి బాలునికి పాత పాస్‌వర్డు తెలియును గనుక మా అనుమానము వానిమీదికి పోయెను. వానిని పిలిచి ప్రశ్నించితిమి. వాని తండ్రిని పొలమునుండి రప్పించితిమి. ఆయన తన కుమారుడు అట్టి పని చేయువాడు కాడని రెండు మారులు చెప్పి, తలవంచుకొని నిలిచెను.

ఆదివారమున కార్యాలయమునకు తాళము వేసియుండెను. బాలుడు తన గ్రామమున నుండెను. అయినను ఖాతా మూతపడెను. అప్పుడు కంప్యూటరు ఉపాధ్యాయుడు చిట్టాను తీసి చూడగా, తప్పు ప్రయత్నములు పదునైదేసి నిమిషములకొకటి చొప్పున రాత్రియంతయు జరిగినట్లు కనబడెను. మనుష్యుడైనచో నిద్రపోవును, యంత్రమునకు నిద్ర లేదు. వెదకగా, బీరువామీద ఛార్జింగునకు పెట్టి మరచిన పాత ఫోను ఒకటి దొరికెను. అది పాత పాస్‌వర్డుతో ఈమెయిలును తెరువ యత్నించుచుండెను. దానిని ఆపివేయగానే చిక్కు విడిపోయెను. పట్టికలు గడువులోగా పంపబడెను. మేము ఆ బాలుని, వాని తండ్రిని పిలిపించి, తక్కిన ఉపాధ్యాయుల యెదుటనే క్షమాపణ వేడుకొంటిమి.

సరిచేయు పద్ధతి

మొదట వేళలను గమనింపవలెను. ఖాతా ఏయే వేళల మూతపడుచున్నదో కాగితముమీద వ్రాయుడు. సమమైన వ్యవధానములతో వచ్చు ప్రయత్నములు సాధారణముగా యంత్రముయొక్క పని. విండోస్ సర్వరు గల కార్యాలయములలో ఖాతా మూతపడినప్పుడెల్ల 4740 అను సంఖ్యతో ఒక నమోదు ఏర్పడును. తప్పు ప్రయత్నము ఏ కంప్యూటరునుండి వచ్చెనో తరచుగా దానిలో కనబడును. నిర్వాహకుని అడిగి దానిని చూడవలెను.

రెండవది, ఫోనులను, ట్యాబులను ఒక్కొక్కటిగా ఆపి చూడవలెను. ఏది ఆపగా చిక్కు నిలిచిపోవునో దానియందే దోషమున్నది.

మూడవది, వైఫై పాస్‌వర్డు మారినయెడల ఫోనులో ఆ వైఫై పేరును నొక్కి, ఫర్గెట్ అనుదానిని ఎంచుకొని, మరల క్రొత్త పాస్‌వర్డుతో చేరవలెను. ఈమెయిలు ఖాతాలో క్రొత్త పాస్‌వర్డును వ్రాయవలెను.

నాల్గవది, విండోస్ కంప్యూటరులో కంట్రోల్ ప్యానెల్‌నందలి క్రెడెన్షియల్ మేనేజర్‌ను తెరచి, పాత పాస్‌వర్డు గల పద్దును దిద్దవలెను, లేదా తీసివేయవలెను. ఆపిల్ కంప్యూటరులో ఈ భాండారమునకు కీచెయిన్ అని పేరు. బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను వేరుగా చూడవలెను.

ఐదవది, జిరాక్సు యంత్రమును, నెట్‌వర్కులోని ఉమ్మడి ఫోల్డరులను, నిర్ణీతవేళలకు తమంతట జరుగు పనులను, మూయక విడిచిన దూరపు కంప్యూటరు సెషనులను మరువరాదు. ఇవన్నియు చక్కబడిన పిమ్మటనే ఖాతాను తెరిపింపవలెను. ముందే తెరిపించినచో అది మరల మూతపడును.

ఇంటినుండి పనిచేయువారికి

2020వ సంవత్సరపు లాక్‌డౌనులో హైదరాబాదు కార్యాలయముల ఉద్యోగులు పలువురు స్వస్థలములకు వచ్చి ఇంటినుండి పనిచేసిరి. అట్టివారికి మరియొక చిక్కు కలదు. కార్యాలయపు నెట్‌వర్కును తాకని లాప్‌టాపు, పాస్‌వర్డు మారిన సంగతి నెరుగక పాతదానినే అంగీకరించును. ఈమెయిలు మాత్రము క్రొత్తదానిని కోరును. అట్టివారు వి.పి.ఎన్. ద్వారా కార్యాలయమును కలిసిన పిమ్మట తెరను లాకు చేసి, క్రొత్త పాస్‌వర్డుతో తెరువవలెను.

పాస్‌వర్డులను ఊరకే మాటిమాటికి మార్చుటయు మేలు కాదు. అమెరికా దేశపు ప్రమాణముల సంస్థయైన ఎన్.ఐ.ఎస్.టి., పాస్‌వర్డు బయటపడినట్లు ఆధారమున్నప్పుడు మార్పింపవలెనే గాని గడువులు పెట్టి మార్పింపరాదని 2017లో సూచించెను. ఇతరులకు తెలిసిన పాస్‌వర్డును మాత్రము వెంటనే మార్చవలెను.

విద్యార్థులారా, ఎక్కడెక్కడ మీ పాస్‌వర్డును దాచితిరో ఒక పట్టిక వ్రాసి ఉంచుకొనుడు. పాస్‌వర్డును మాత్రము ఆ పట్టికలో వ్రాయకుడు. యంత్రము తప్పు మాట పలికినప్పుడు, మనుష్యునిమీద నేరము మోపుటకు ముందు, క్రొత్త మాటను ఎవరికి తెలుపక విడిచితిమో వెదకుడు. మేము ఆ వెదకుటను ఆలస్యముగా చేసితిమి. ఆ తండ్రి తలవంచుకొని నిలిచిన దినమును మేము నేటికిని మరువలేదు.