పంచాంగం: అయిదు అంగాలు, కాల విభజన

తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలతో రోజును గుర్తించేది పంచాంగం. తెలుగువారు చాంద్రమానం పాటిస్తారు. వీరి మాసం అమావాస్యతో ముగుస్తుంది. సంవత్సరం చైత్ర శుద్ధ పాడ్యమి (ఉగాది)తో మొదలవుతుంది.

తిథి: సూర్యచంద్రుల మధ్య కోణీయ దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. చాంద్రమాసానికి 30 తిథులు. చంద్రుడి వేగం మారుతూ ఉండటంతో తిథి నిడివి సుమారు 19 నుంచి 26 గంటల వరకు ఉంటుంది. సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథిగా లెక్కిస్తారు. ఏ సూర్యోదయానికీ లేనిది క్షయ తిథి, రెండు సూర్యోదయాలకు ఉన్నది వృద్ధి తిథి.

వారం: ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం వరకు.

నక్షత్రం: రాశిచక్రంలో చంద్రుడు ఉన్న 13 డిగ్రీల 20 నిమిషాల భాగం. అశ్విని నుంచి రేవతి వరకు మొత్తం 27.

యోగం: సూర్యచంద్రుల స్ఫుటాల (రాశిచక్రంలో వాటి స్థానాల డిగ్రీల) మొత్తాన్ని బట్టి వచ్చేది. విష్కంభం నుంచి వైధృతి వరకు 27.

కరణం: తిథిలో సగం. బవ మొదలైన చర కరణాలు 7, శకుని మొదలైన స్థిర కరణాలు 4, మొత్తం 11.

కాలమానం: రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు, ఘడియలో 60వ వంతైన విఘడియకు 24 సెకన్లు. ముహూర్తానికి 2 ఘడియలు.

రాహుకాలం: పగటిని 8 భాగాలు చేస్తే సోమవారం రెండోది, శనివారం మూడోది, శుక్రవారం నాలుగోది, బుధవారం అయిదోది, గురువారం ఆరోది, మంగళవారం ఏడోది, ఆదివారం ఎనిమిదోది. సూర్యోదయం 6 గంటలకు, సూర్యాస్తమయం సాయంత్రం 6 గంటలకు అయితే సోమవారం రాహుకాలం 7.30 నుంచి 9 గంటల వరకు.

జాతీయ క్యాలెండర్: ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పాటైన పంచాంగ సంస్కరణ సంఘం సిఫార్సుతో శక సంవత్సరం ఆధారంగా రూపొందిన జాతీయ క్యాలెండర్ 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది.