విద్యాఋణము: మాఫీయా, బాధ్యతయా?

గత వేసవియందు సిరిసిల్లనుండి ఒక తండ్రి నాయొద్దకు వచ్చెను. ఆయన సాంచల మీద పనిచేయువాడు; ఆయన భార్య బీడీలు చుట్టును. వారి కుమారుడు మన పాఠశాలలో చదివి, ఇంటర్మీడియట్ ముగించి, ఇంజినీరింగులో సీటు సంపాదించినాడు. తండ్రి చేతిలో బ్యాంకు కాగితములుండెను. “సారూ, పంట అప్పులు మాఫైనట్టు ఈ చదువు అప్పు గూడ ఏదో ఒకనాడు మాఫైతదంటున్నరు. సంతకం పెట్టుమంటరా?” అని ఆయన యడిగెను. నేను వెంటనే యుత్తరము చెప్పలేకపోతిని. ఆ ప్రశ్నమీద ఆలోచించిన సంగతులు విద్యార్థులకును తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి యిచట వ్రాయుచున్నాను.

మొదట సహాయము వేరు, ఋణము వేరు అని గ్రహింపవలెను. 2008–09లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించిన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకము 2014 తరువాత తెలంగాణమునందును కొనసాగినది. ఇది సహాయము, దీనిని తిరిగి చెల్లింప నక్కరలేదు. అయితే దీనికి హద్దు కలదు. వెనుకబడిన తరగతులకు చెందిన ఇంజినీరింగు విద్యార్థికి ప్రవేశపరీక్షలో 10,000 లోపు ర్యాంకు రానిచో, సాధారణముగా సంవత్సరమునకు 35,000 రూపాయలవరకే లభించుచు వచ్చినది. కళాశాల ఫీజు అంతకు మించినచో మిగిలినదియు, హాస్టలు ఖర్చును కుటుంబమే భరింపవలెను. ఋణము అవసరమగునది ఇచ్చటనే.

ఇప్పుడొక లెక్క చేయుదము. బ్యాంకు నూటికి 10 రూపాయల వార్షిక వడ్డీతో, నాలుగు సంవత్సరములు ప్రతి యేటి ఆరంభమున లక్ష రూపాయల చొప్పున ఇచ్చినదనుకొందము. చదువు ముగిసిన పిమ్మట ఒక యేడు గడువుండును. అప్పటికి మొదటి లక్షకు 5 సంవత్సరముల వడ్డీ, తక్కిన వానికి 4, 3, 2 సంవత్సరముల వడ్డీ, మొత్తము 14 సంవత్సరముల వడ్డీ యగును. సాధారణ వడ్డీ ప్రకారము అది 1,40,000 రూపాయలు. చెల్లింపవలసినది 5,40,000. దానిని పది సంవత్సరములలో తీర్చుటకు నెలకు సుమారు 7,100 రూపాయలు కావలెను. 2009లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన వడ్డీ రాయితీ పథకము క్రింద, 4,50,000 రూపాయల వార్షికాదాయము మించని కుటుంబములవారికి అర్హమైన కోర్సులయందు ఈ గడువులోని వడ్డీని ప్రభుత్వమే భరించును. అప్పుడు నెలసరి వాయిదా సుమారు 5,300కు తగ్గును. ఈ సంగతి తెలియక వడ్డీ కట్టువారు మనలో నెందరో కలరు.

ఇక మాఫీ విషయము. పంట ఋణములు దేశమంతట 2008లోను, తెలంగాణలో 2014 తరువాత లక్ష వరకును, 2024లో రెండు లక్షల వరకును మాఫీ చేయబడినవి. కావున ప్రజలలో ఆశ పుట్టుట సహజమే. అమెరికాలో 2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ విద్యార్థి ఋణములలో 10,000 డాలర్లు, కొందరికి 20,000 డాలర్లు రద్దు చేయుదునని ప్రకటించెను. 2023 జూన్ 30న అచటి సుప్రీంకోర్టు ఆ యేర్పాటును కొట్టివేసెను. అది నెరవేరినను, జగిత్యాల, కోరుట్లలనుండి మన బ్యాంకులలో అప్పుచేసి అటకు వెళ్లిన విద్యార్థుల ఋణము ఒక్క రూపాయియు తగ్గియుండెడిది కాదు.

మాఫీ కోరువారి మాటలో న్యాయము లేకపోలేదు. పదునెనిమిదేండ్ల బాలుడు పెద్దల మాట నమ్మి సంతకము చేయును. ఉద్యోగము దొరకకున్న ఆ భారము వానిని క్రుంగదీయును. కాని బ్యాంకులోని ధనము పరులది. బీడీలు చుట్టు తల్లులు దాచుకొన్న రూపాయలును అందులో నుండును. ప్రభుత్వము మాఫీ చేసినచో, కళాశాల గుమ్మమెక్కనివాడు సబ్బు కొనునపుడు కట్టు పన్నును దానికి వెచ్చింపబడును. కష్టపడి బాకీ తీర్చినవానికి మాత్ర మేమియు దక్కదు.

కావున నాకు తోచినది యిది: సహాయము చదువునకు ముందును, చదువుచున్నపుడును మిక్కుటముగా నుండవలెను; ఆపదలో పడినవానికి గడువును, ఊరటయు నీయవలెను. అందరికి మాఫీ వచ్చునను ఆశతో మాత్రము అప్పు చేయరాదు. బాధ్యత విద్యార్థి యొక్కనిదే కాదు. రీయింబర్స్‌మెంటు బకాయిలు పేరుకొనగా, సర్టిఫికెట్లు చేతికి రాక విద్యార్థులు కళాశాలల చుట్టు తిరిగిన సందర్భములు కలవు. మాట యిచ్చిన ప్రభుత్వమును, ఫీజు పుచ్చుకొను కళాశాలయు తమ బాకీ తీర్చవలెను గదా!

విద్యార్థులారా, అప్పునకు ముందు నాచుపల్లిలోని ఇంజినీరింగు కళాశాల, పొలాసలోని వ్యవసాయ కళాశాల, కోరుట్లలోని పశువైద్య కళాశాల వంటి ప్రభుత్వ విద్యాలయములలో చోటు దొరకునేమో చూడుడు. అప్పు తప్పనిచో, మీ సంతకము ప్రక్కన మీ తండ్రి సంతకముకూడ నుండునని మరువకుడు. మీరు కట్టనిచో బ్యాంకువారు వచ్చునది ఆయన గుమ్మమునకే.

ఆ సిరిసిల్ల తండ్రితో నేను, “మాఫీ లేదనుకొని లెక్క వేయుడు, ఆ లెక్క కుదిరినచో సంతకము చేయుడు” అంటిని. ఆయన యింటికి పోయి, కుమారునిచేతనే లెక్క వ్రాయించి, హాస్టలు ఖర్చు తగ్గించి, అడిగిన దానిలో సగమే అప్పు తీసికొనెను. ఆ కాగితమును బాలుడు తన పెట్టెలో దాచుకొన్నాడని విని సంతసించితిని.